కలినన్‌కి పొగబండి: రెండు గంటల ప్రయాణం, రెండున్నర రోజుల చాకిరీ

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి బండి కదలాలంటే శుక్రవారం మధ్యాహ్నమే ఇంజిన్లో అగ్గి రాజెయ్యాలి. అగ్గి రాజెయ్యాలంటే గురువారం రాత్రికల్లా బాయిలరు కడిగి, నీళ్ళు నింపి, లోపలంతా చూసి ఉంచాలి. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నుంచి వజ్రాల గని ఊరు కలినన్‌దాకా ప్రయాణికులకి దక్కేది రెండు గంటల కూత, పొగ, కిటికీలోంచి పచ్చిక మైదానాలు. ఆ రెండు గంటల కోసం మా ఆవిరి ఇంజిన్ల క్లబ్బులో పాతికమంది వలంటీర్లు రెండున్నర రోజులు పనిచేస్తారు. జీతం ఎవరికీ లేదు. పెట్రోలు ఖర్చు కూడా సొంతమే.

కొత్తగా వచ్చేవాళ్ళందరికీ పార పట్టుకుని బొగ్గు వెయ్యాలనే ఉంటుంది. ఆ పనికి మనుషులు ఎప్పుడూ ఎక్కువే. బాయిలరులో పొగ పోయే గొట్టాల్లో మసి దులపడానికి, టాయిలెట్ ట్యాంకులు నింపడానికి, రాత్రంతా బాయిలరు పక్కన కూర్చోడానికి దొరకరు. బండి టైముకి కదలడం, కదలకపోవడం తేలేది మాత్రం ఈ పనుల దగ్గరే.

ముందు ఇంజిను సంగతి. మాది 19డి తరగతి. ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఎనిమిది పెద్ద చక్రాలు, వెనక రెండు. 1937 నుంచి 1949 దాకా దక్షిణాఫ్రికా రైల్వే ఇలాంటివి 235 తెప్పించుకుంది. వీటి ముద్దుపేరు డాలీ. పల్చటి పట్టాలున్న బ్రాంచి లైన్ల మీద తిరగడానికి చేసినవి కాబట్టి ఇరుసు మీద బరువు తక్కువ, అందుకే ఏ లైను మీదికైనా పంపొచ్చు. ఇక్కడి పట్టాల మధ్య దూరం 1067 మిల్లీమీటర్లు, మన పాత మీటరుగేజి కంటే 67 మిల్లీమీటర్లే ఎక్కువ. అయినా టెండరుతో, అంటే బొగ్గూ నీళ్ళూ మోసే వెనక బండితో కలిపి ఈ ఇంజిను 120 టన్నులు దాటుతుంది. బిట్రగుంట షెడ్డులో బ్రాడ్‌గేజి ఇంజిన్లని చూసిన పెద్దవాళ్ళు కూడా దీన్ని చూసి, ఇంత సన్నపట్టాల మీద ఇంత లావు బాయిలరా అని ఆగిపోతారు.

పనిచేసే పీడనం 1380 కిలోపాస్కల్. ఆ పీడనంలో బాయిలరు లోపలి నీళ్ళు సుమారు 197 డిగ్రీల వేడి మీద ఉంటాయి. ఈ అంకె కొత్తవాళ్ళకి మొదటిరోజే చెబుతాం. 197 డిగ్రీల నీళ్ళకి ఎక్కడైనా దారి దొరికితే అవి నీళ్ళలాగా కారవు, క్షణంలో ఆవిరై పేలతాయి. అందుకే ఇక్కడి చట్టం ప్రకారం ఆవిరి బాయిలరుని 36 నెలలకి మించకుండా లోపలా బయటా తనిఖీ చేయించి, నీటి పీడనంతో పరీక్ష పెట్టాలి. మామూలు పీడనానికి ఒకటింపావు రెట్లు ఎక్కించి ఎక్కడైనా చెమ్మ కనపడుతుందేమో చూస్తారు. ఇది కాక, 2002 చట్టంతో ఏర్పడిన రైల్వే సేఫ్టీ రెగ్యులేటర్ నుంచి క్లబ్బుకి పర్మిట్ ఉండాలి. డ్రైవరుకీ బొగ్గు వేసే ఫైర్‌మన్‌కీ వైద్య పరీక్ష, ఆ లైను మీద దారి తెలుసన్న ధ్రువీకరణ కావాలి. పట్టాలు మావి కావు, సరుకు బండ్లు నడిపేవాళ్ళవి. వాళ్ళ దగ్గర వారాల ముందే టైము అడిగి పెట్టుకోవాలి. ఇచ్చిన టైముని శుక్రవారం సాయంత్రం ఫోన్లో రద్దు చేసిన సందర్భాలూ ఉన్నాయి. అప్పటికి ఇంజిన్లో అగ్గి ఉంటుంది, టికెట్లు అమ్ముడుపోయి ఉంటాయి. ఆ రెండింటికీ ఎవరూ పరిహారం ఇవ్వరు. అందుకే టికెట్ల డబ్బుని బండి వెళ్ళి వచ్చేదాకా ముట్టుకోం.

బొగ్గు విట్‌బ్యాంక్ వైపు గనుల నుంచి వస్తుంది. ఆ ఊరికి ఇప్పుడు ఎమలాహ్లేని అని పేరు, అంటే బొగ్గున్న చోటు అనే. గుప్పెడంత గడ్డలు కావాలని అడుగుతాం. మరీ చిన్నవైతే గాలి లాగుడికి కాలకుండానే గొట్టాల్లోంచి పొగగొట్టంలోకి ఎగిరిపోతాయి. మరీ పెద్దవి సుత్తితో పగలగొట్టుకోవాలి. లారీ వచ్చినప్పుడు పైన కనపడే బొగ్గు చూసి సంతకం పెట్టకూడదు. నాలుగు చోట్ల పారతో లోపలికి తవ్వి చూడాలి. రాయి కలిసిన బొగ్గుని చేత్తో ఎత్తితే తెలిసిపోతుంది, బరువుగా బూడిదరంగులో ఉంటుంది. అది కాలదు సరికదా, కరిగి గ్రేటు మీద, అంటే అగ్గిని మోసే ఇనపకడ్డీల మీద, చిట్టెం కడుతుంది. చిట్టెం కడితే కింద నుంచి గాలి అందదు, గాలి అందకపోతే ఆవిరి రాదు. దారి మధ్యలో బండి ఆగిపోయిన సందర్భాల్లో సగానికి పైగా మూలం లారీ దగ్గర చూసుకోకపోవడమే.

గురువారం సాయంత్రం పని స్మోక్‌బాక్సు తలుపు తెరవడంతో మొదలవుతుంది. ఇంజిను ముందు భాగంలో ఉండే గుండ్రటి తలుపు అది. లోపల పోయినసారి ప్రయాణంలో చేరిన నుసి నాలుగైదు బకెట్లు ఉంటుంది. అది తోడి, నిప్పురవ్వల్ని ఆపే జల్లెడని టార్చి వేసి చూస్తాం. వేలు పట్టేంత చిరుగు కనిపించినా అతుకు వెయ్యకుండా బండి బయటికి పోదు. తలుపు అంచున ఆస్బెస్టాస్ లేని తాడు చుట్టి బిగిస్తాం. అక్కడ గాలి జొరబడితే లాగుడు పడిపోతుంది, లోపలి నుసి అంటుకుని తలుపు ఎర్రగా కాలి వంకరపోతుంది కూడా. తర్వాత పొడుగాటి కడ్డీకి బ్రష్షు కట్టి గొట్టాలన్నీ ఒక్కొక్కటే దులపాలి. ఇద్దరికి రెండు గంటల పని.

ఆ తర్వాత ఒకరు అగ్గి మండే గది అయిన ఫైర్‌బాక్సు తలుపులోంచి లోపలికి దూరతారు. సన్నగా ఉన్నవాళ్ళకే ఆ యోగం. లోపల చూడాల్సినవి: ఇటుకల వంతెన విరిగిందా, గొట్టాల చివర్లు కారిన మరకలున్నాయా, గ్రేటు కడ్డీలు కాలి వంగాయా, నెత్తిమీద సీసపు బిరడాలు శుభ్రంగా ఉన్నాయా. ఆ బిరడాలే ఆఖరి కాపలా. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫైర్‌బాక్సు పైకప్పు మీద నీళ్ళు తగ్గి రేకు వేడెక్కితే సీసం కరిగి, ఆ కంతలోంచి ఆవిరి అగ్గి మీదికి దూకుతుంది. అది అగ్గిని ఆర్పడానికి కాదు, మమ్మల్ని హెచ్చరించడానికి.

శుక్రవారం మధ్యాహ్నం రాజెయ్యడానికి ముందు ఐదు సంగతులు ఇద్దరు మనుషులు విడివిడిగా చూస్తారు: సిలిండర్లకి ఆవిరి వదిలే రెగ్యులేటరు మూసి ఉందా, ఇంజిను ముందుకో వెనక్కో నిర్ణయించే రివర్సరు మధ్యలో ఉందా, సిలిండరు కాక్‌లు తెరిచి ఉన్నాయా, టెండరు చేతిబ్రేకు బిగించి చక్రాల కింద దిమ్మలు పెట్టారా, బాయిలరు నీళ్ళ మట్టం చూపించే గాజు గొట్టం, అంటే గ్లాసులో నీళ్ళు సగానికి పైన ఉన్నాయా. రెగ్యులేటరు కాస్త కారుతూ, రివర్సరు ముందుకు ఉండి, బ్రేకు వదులుగా ఉందనుకోండి. అర్ధరాత్రి ఆవిరి ఎక్కుతున్నకొద్దీ ఇంజిను తనంతట తానే షెడ్డు తలుపు వైపు నడక మొదలెడుతుంది.

గ్రేటు మీద పల్చగా బొగ్గు పరిచి, దాని మీద పాత చెక్క ప్యాలెట్లు విరగ్గొట్టి పేరుస్తాం. కిరసనాయిలులో ముంచిన గుడ్డపీలికల్ని పార మీద పెట్టి అంటించి లోపలికి జారవిడవాలి. పాత రైలు స్లీపర్ చెక్కలు ఊరికే దొరుకుతాయి గానీ వాడం. చెక్క పుచ్చకుండా వాటికి పట్టించిన క్రియోసోట్ నూనె పొగ కళ్ళనీ గొంతునీ మండిస్తుంది. చల్లటి ఇంజినుకి సొంత లాగుడు ఉండదు, పొగ తలుపులోంచి మన మొహానికే తిరిగొస్తుంది. అందుకే షెడ్డులోని కంప్రెసరు గాలిని, పొగని పైకి లాగే బ్లోయరు గొట్టానికి కలుపుతాం. సుమారు 300 కిలోపాస్కల్ ఆవిరి వచ్చాక కంప్రెసరు తీసేసి ఇంజిను తన బ్లోయరు తనే నడుపుకుంటుంది.

ఇక్కడ తొందర పనికిరాదు. మొదటి మూడు గంటలు చెక్కలతోనే, చిన్న మంట. బాయిలరు పైభాగం వేడెక్కినంత త్వరగా అడుగుభాగం వేడెక్కదు. కింద చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది, పైన మాత్రం కాలుతుంది. ఇనుము అన్ని చోట్లా ఒకే తీరుగా సాగకపోతే గొట్టాల చివర్లు వదులై కారడం మొదలవుతుంది, రేకుల్ని కలిపి పట్టే స్టే కడ్డీ ఎక్కడో ఒకటి పగుళ్ళు తీస్తుంది. ఐదు గంటల్లో ఆవిరి తెప్పించడం సాధ్యమే, చేసి చూపించినవాళ్ళూ ఉన్నారు. ఆ బాయిలరు బాగుచెయ్యడానికి పోగయ్యే డబ్బుతో ఏళ్ళ తరబడి బండ్లు నడపొచ్చు. మేం పది పన్నెండు గంటలకి తక్కువ పెట్టం.

రాత్రి కాపలా ఇద్దరు. గంటకోసారి నీటి గ్లాసు, పీడనం, అగ్గి చూసి పుస్తకంలో రాయాలి. ఒకరు పడుకుంటే ఒకరు మేలుకోవాలి. గ్లాసు విషయంలో ఒక మెలిక ఉంది: పూర్తిగా నిండిన గాజు గొట్టమూ పూర్తిగా ఖాళీ అయిన గాజు గొట్టమూ చూపుకి ఒకేలా ఉంటాయి. మధ్యలో గీత కనపడకపోతే నీళ్ళు పైకి పోయాయో కిందికి పోయాయో కళ్ళతో చెప్పలేం. అందుకే షిఫ్టు మారినప్పుడల్లా కింద డ్రెయిన్ కాక్ తెరిచి గ్లాసుని ఊదాలి. నీళ్ళు బుస్సుమని పోయి, కాక్ మూయగానే గబుక్కున పైకి లేచి ఊగి నిలబడితే దారులు బాగున్నట్టు. నెమ్మదిగా పాకుతూ లేస్తే ఏదో దారిలో మడ్డి పేరుకున్నట్టు, ఆ గ్లాసు చెప్పేది నమ్మకూడదు. ఇంజినుకి రెండు గ్లాసులు ఉన్నది అందుకే. రెండూ రెండు మాటలు చెబితే తక్కువ చెప్పిన దాన్నే నమ్మాలి.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి నూనె పని. రెండు రకాల నూనెలు, వాటి డబ్బాలు కలిసిపోకూడదు. సిలిండర్లకి పోసేది జీళ్ళపాకంలా చిక్కగా ఉంటుంది, అంత వేడి ఆవిరిలోనూ కొట్టుకుపోకుండా గోడలకి అంటుకుని ఉండాలి కాబట్టి. జూలైలో ఇక్కడ తెల్లవారుజామున సున్నా డిగ్రీల దాకా పడిపోతుంది. ఆ నూనె డబ్బా వంచినా కారదు, ఫైర్‌బాక్సు తలుపు మీది అరలో అరగంట పెట్టి వెచ్చచెయ్యాలి. పల్చటి నూనె స్లయిడుబార్లకి, కీళ్ళకి. రాడ్లకి గ్రీజు. ఇంజిను చుట్టూ ఎప్పుడూ ఒకే వైపు నుంచి ఒకే వరసలో తిరగాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆగిన చోట గుడ్డ వేలాడదీసి మాట్లాడాలి. లేకపోతే ఏదో ఒక నూనె కప్పు తప్పిపోతుంది, ఆ ఒక్కటే దారిలో వేడెక్కుతుంది.

టెండరులో బొగ్గుని ముందుకి లాగి సర్దడం, నీళ్ళ మూత బిగించడం, పొడుగు కడ్డీలన్నిటినీ వాటి గొట్టంలోకి తోసి కట్టెయ్యడం అంతా షెడ్డు యార్డులోనే, తీగలు లేని చోటే జరగాలి. ఎందుకంటే మేం ఎక్కబోయే మెయిన్ లైను మీద తలపైన 3000 వోల్టుల డీసీ కరెంటు తీగ ఉంటుంది. టెండరు మీద మనిషి నిలబడితే తలకీ తీగకీ మధ్య దూరం చాలదు. నాలుగు మీటర్ల కడ్డీని అగ్గిలోంచి లాగి నిటారుగా ఎత్తినా అంతే. హోసు పైపుతో పైకి నీళ్ళు చిమ్మడమూ నిషిద్ధం. దొంగలు రాగి తీగలు కోసుకుపోయిన చోట్ల పైన ఏమీ కనపడదు. అయినా కరెంటు ఉన్నట్టే లెక్క. మా క్లబ్బులో ఈ ఒక్క నియమం తప్పితే మందలింపు ఉండదు, ఆ రోజుతో సభ్యత్వం పోతుంది.

ఏడింటికి ఇంజిను పెట్టెలకి తగులుతుంది. ఇక బ్రేకు పరీక్ష. మావి 1940లు, 50ల నాటి పెట్టెలు, వ్యాక్యూమ్ బ్రేకు. గొట్టంలోంచి గాలి లాగేస్తే బ్రేకు వదులుతుంది, గాలి లోపలికి వస్తే పట్టుకుంటుంది. ఈ పీఠభూమి మీద గాలే పల్చన. సముద్రం ఒడ్డున డర్బన్‌లో 101 కిలోపాస్కల్ ఉండే వాతావరణ పీడనం ఇక్కడ 86, 87 దగ్గరే ఉంటుంది. అంటే లాగడానికి ఉన్న గాలే తక్కువ, దానికి తోడు ఎక్కడైనా కారుతుంటే బ్రేకు బలం ఇంకా తగ్గుతుంది. గాలి లాగే ఎజెక్టరు ఆపి గేజి ముల్లు ఎంత వేగంగా పడుతుందో చూస్తాం. గబగబా పడితే ఎనిమిది పెట్టెల హోసు కీళ్ళన్నీ వెతకాలి. కారే చోటు చెవికి సులువుగా అందదు, గాలి బయటికి రావడం లేదు కదా, లోపలికి పోతోంది. పల్చటి టిష్యూ కాగితం ముక్కని కీలు చుట్టూ తిప్పితే కారే చోట టప్పున అతుక్కుంటుంది. నూటికి తొంభై సార్లు రబ్బరు వాషరే. ఇక్కడి ఎండకి అవి ఏడాదిలో బీటలు వారతాయి. గార్డు సంచిలో పది వాషర్లు లేకుండా బండి కదలదు. చివరి పెట్టెలో గార్డు ముందున్న ముల్లు ఇంజిన్లో డ్రైవరు చేసినదానికి తగ్గట్టు పడి లేచిందని చూశాకే పరీక్ష అయినట్టు.

బయల్దేరేటప్పుడు సిలిండరు కాక్‌లు తెరిచే ఉంచుతాం. రాత్రంతా చల్లబడిన సిలిండర్లలో ఆవిరి నీరవుతుంది. నీటిని పిస్టను నొక్కలేదు, కాక్‌లు మూసి కదిలిస్తే సిలిండరు మూత పగులుతుంది. ఫొటోల వాళ్ళకి ఆ తెల్లటి ఆవిరి మేఘమే కావాలి గానీ దానిలో మరుగునీళ్ళు ఉంటాయి. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు వలంటీర్ల పనల్లా పిల్లల్ని అక్కణ్ణుంచి వెనక్కి జరపడమే.

ఊరు దాటాక, కలినన్ బ్రాంచి విడిపోయే రేటన్ స్టేషను దాకా ఎక్కుడే ఎక్కువ. ఫైర్‌మన్ చెమట అక్కడే కారుతుంది. గ్రేటు 3.3 చదరపు మీటర్లు, బొగ్గు మొత్తం చేతిపారతోనే. ఒక పారకి ఐదారు కిలోలు. రాజేసిన దగ్గర్నుంచి షెడ్డుకి తిరిగొచ్చేదాకా సుమారు 4 టన్నులు కాలుతుంది, అంటే 700 పారలు. ఒక్కో దఫా ఐదారు పారలే, వెనక మూలలకి ఎక్కువ, తలుపు కింద కాస్త ఎక్కువ, ముందుకి పల్చగా. ఇంజిను అదురుకి బొగ్గు తనే ముందుకి జారుతుంది. వేశాక తలుపు మూసి పొగగొట్టం వైపు చూడాలి. లేత బూడిదరంగు పొగ కాసేపు వచ్చి పల్చబడితే సరిపోయినట్టు. నల్లటి పొగ ఫొటోలో బాగుంటుంది, కానీ అది కాలకుండా పోతున్న బొగ్గు. అసలు పొగే లేకుండా పైన గాలి మాత్రం వణుకుతుంటే అగ్గికి చిల్లు పడుతోందని అర్థం, ఆ చిల్లులోంచి చల్లగాలి దూరి పీడనం పడిపోతుంది.

అగ్గి కంటే నీళ్ళు ఎక్కువ మెలకువ అడుగుతాయి. కిలో బొగ్గు ఆరేడు లీటర్ల నీటిని ఆవిరి చేస్తుంది, లెక్క వేసుకుంటే పోనూ రానూ పాతికవేల లీటర్లకి పైగా. ఆ నీళ్ళని బాయిలరులోకి తోసేది ఇంజెక్టరు. ముందు నీళ్ళ కవాటం, తర్వాత ఆవిరి. కింద గొట్టంలోంచి నీళ్ళు బొళబొళా కారి, ఆవిరి కాస్త సర్దగానే కారడం ఆగి, గొంతు మారి సన్నగా ఈల వేసినట్టు వినపడుతుంది. అప్పుడు పట్టినట్టు. పట్టకపోతే కారణాలు రెండు మూడే. టెండరు హోసులో గాలి దూరడం ఒకటి. వేసవి ఎండకి టెండరు నీళ్ళు వెచ్చబడటం రెండు. ఇంజెక్టరు చల్లటి నీళ్ళలో ఆవిరి ఒదిగిపోవడం మీద పనిచేస్తుంది, నీళ్ళు వెచ్చనైతే ఆవిరి ఒదగదు. ఆవిరి కవాటం కారి ఇంజెక్టరే కాలిపోవడం మూడు. దానికి మందు దాని మీద తడి గోనెపట్టా కప్పి బకెట్టు చల్లటి నీళ్ళు పొయ్యడం. క్యాబులో గోనెపట్టా ఎందుకని ప్రయాణికులు అడుగుతుంటారు, అందుకు.

ఎక్కుడు అయి దిగుడు మొదలయ్యే చోటే అసలు ప్రమాదం. ఎక్కేటప్పుడు ఇంజిను ముక్కు పైకి లేచి బాయిలరు నీళ్ళు వెనక్కి, అంటే ఫైర్‌బాక్సు వైపు జరుగుతాయి. గ్లాసు కూడా వెనకే ఉంటుంది కనక నీళ్ళు ధారాళంగా ఉన్నట్టు చూపిస్తుంది. మెట్ట దాటి ముక్కు వాలగానే నీళ్ళన్నీ ముందుకి పరిగెడతాయి, గ్లాసులో గీత గబుక్కున పడుతుంది. రెగ్యులేటరు మూసేసరికి నీళ్ళలో బుడగలు అణిగి మట్టం ఇంకాస్త దిగుతుంది. ఎక్కేటప్పుడు సగం గ్లాసు చూసి ధీమాగా ఉన్నవాడికి దిగేటప్పుడు గీతే కనపడకపోవచ్చు. అందుకని మెట్టకి కిలోమీటరు ముందే ఇంజెక్టరు పెట్టి ముప్పాతికకి తేవాలి. అలాగని నిండా పోస్తే నీళ్ళు ఆవిరితో పాటు సిలిండర్లలోకి కొట్టుకొచ్చి పొగగొట్టంలోంచి మసి నీళ్ళు ప్రయాణికుల మీద చిలుకుతాయి. గీత కనపడకుండా పోయి, ఊదినా తిరిగి రాకపోతే చర్చ లేదు. బండి ఆపి అగ్గి దించెయ్యడమే.

ఇక గడ్డి. మే నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ వానలు దాదాపు ఉండవు, పట్టాలకి రెండువైపులా నడుమెత్తు గడ్డి ఎండి ఉంటుంది. పొగగొట్టం రవ్వల్ని జల్లెడ ఆపుతుంది. నిజంగా భయపడాల్సింది బూడిదపెట్టెలోంచి పట్టాల మధ్యకి రాలే నిప్పుకణికలకి, బ్రేకు దిమ్మలు రాచుకుని ఎగిరే రవ్వలకి. బూడిదపెట్టె తలుపులు బిగించి, లోపల నీళ్ళు చిమ్మే గొట్టం ఒకటి పెట్టుకున్నాం, రేటన్ దాకా మూడుసార్లు తిప్పుతాం. చివరి పెట్టెలో ఇద్దరు వెనక్కి చూస్తూ నిలబడతారు. రోడ్డు మీద మా బక్కీ (పికప్ ట్రక్కు) వెంట వస్తుంది, దానిలో 600 లీటర్ల ట్యాంకు, పంపు, రబ్బరు పట్టీల చీపుళ్ళు, వీపున తగిలించుకునే స్ప్రేయర్లు. పొగ కనపడగానే రేడియోలో కిలోమీటరు రాయి నంబరు చెబుతారు. రెండు నిమిషాల్లో అందితే చీపురు చాలు, పది నిమిషాలైతే ట్యాంకు కూడా చాలదు. అగ్ని ప్రమాద సూచికని ఇక్కడ నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ప్రకటిస్తారు. నారింజ వస్తే మేం డీజిలు ఇంజిను తగిలిస్తాం. ప్రయాణికులు మూతి ముడుస్తారు, కొందరు డబ్బు వెనక్కి అడుగుతారు, ఇచ్చేస్తాం. 1998 నాటి చట్టం ప్రకారం మంట మనవల్ల లేచి పక్క పొలంలోకి పోతే జాగ్రత్త తీసుకున్నామని చూపించాల్సిన బాధ్యత మన మీదే ఉంటుంది. ఒక రైతు గడ్డివాముల ఖరీదు ముందు ఎనిమిది పెట్టెల టికెట్లు ఏ మూలకి?

రేటన్ దగ్గర ఆగినప్పుడు ఒకరు నూనె డబ్బాతో దిగి బేరింగులన్నిటినీ చేతి వెనక భాగంతో తాకి చూస్తారు.  చెయ్యి ఆనించి ఐదు అంకెలు లెక్కపెట్టగలిగితే ఫరవాలేదు, రెండుకే తీసేస్తే ఆ బేరింగు సంగతి చూడాలి. అక్కణ్ణుంచి కలినన్ బ్రాంచి. 1905లో 3,106 క్యారెట్ల వజ్రం దొరికిన గని ఊరు అది, గుంట ఇప్పటికీ ఉంది, పనీ నడుస్తోంది. ప్రయాణికులు మూడు నాలుగు గంటలు ఊళ్ళో తిరిగి భోంచేస్తారు. మిడ్రాండ్, సెంచూరియన్ వైపు నుంచి తెలుగు కుటుంబాలు కూడా పులిహోర డబ్బాలతో వస్తుంటాయి. వాళ్ళకి చెప్పేది రెండే: తెల్లబట్టలు వేసుకోవద్దు, కంట్లో నుసి పడితే నలపకుండా నీళ్ళతో కడగండి.

మాకు ఆ మూడు గంటల్లో తిండికి పావుగంట దొరికితే ఎక్కువ. ఇంజిన్ని విడదీసి పక్క లైను మీదుగా రెండో చివరికి తేవాలి. ఫైర్ హైడ్రెంటు నుంచి హోసుతో టెండరు నింపడానికి ముప్పావుగంట. ఆ ఊళ్ళో నీళ్ళ కోత ఉన్నరోజు ముందే ట్యాంకరు మాట్లాడుకోవాలి, ఆ సంగతి గురువారమే ఫోను చేసి కనుక్కుంటాం. తర్వాత అగ్గి శుభ్రం చెయ్యాలి. మండే నిప్పుల్ని ఒక పక్కకి తోసి, రెండో పక్క కట్టిన చిట్టేన్ని కడ్డీతో లేపి, విరిచి, పొడుగు పారతో తలుపులోంచి బయటికి తియ్యాలి. పెనం మీద అట్టులా ఒక్క పలకగా లేస్తే అదృష్టం. ముక్కలై గ్రేటు సందుల్లో కరుచుకుంటే గంట పని. ఎర్రగా కాలుతున్న ఆ పలకని ఎక్కడ పడెయ్యాలో ముందే చూసుకుని అక్కడ నేల తడిపి ఉంచాలి.

తిరుగు ప్రయాణం టెండరు ముందు పెట్టుకునే. బొగ్గు దుమ్ము ఎదురుగాలికి క్యాబులోకే వస్తుంది కనక బయల్దేరే ముందు బొగ్గు మీద నీళ్ళు చల్లుతాం, కళ్ళద్దాలు పెట్టుకుంటాం. వెనక్కి నడిచేటప్పుడు చూపు సరిగా ఆనదు. రెండో మనిషి రెండో వైపు కాపలా కాస్తూ ప్రతి సిగ్నలునీ గట్టిగా పలకాలి. గేట్ల దగ్గర మినీబస్ ట్యాక్సీలు ఆగవన్న నమ్మకంతోనే నడపాలి. కూత వెయ్యాల్సిన చోటు కంటే ముందే మొదలెట్టి గేటు దాటేదాకా వదలం.

సాయంత్రం షెడ్డుకి వచ్చాక ప్రయాణికులు వెళ్ళిపోతారు, ఫొటోల వాళ్ళూ వెళ్ళిపోతారు, పాతికమందిలో ఎనిమిది మంది మిగులుతారు. మిగిలిన అగ్గిని గ్రేటు ఊపి కిందికి దించి, బూడిద గుంటలోకి లాగి ఆర్పాలి. బాయిలరు నింపి, కింద గాలి వచ్చే డ్యాంపర్లు మూసి, పొగగొట్టం మీద మూత పెట్టాలి. చల్లగాలి ఒక్కసారిగా లోపలికి దూరితే గొట్టాలు ముడుచుకుని కారతాయి. ఎక్కించేటప్పుడు పన్నెండు గంటలు పట్టింది, చల్లారడానికి రెండు రోజులు వదిలెయ్యాలి. అప్పటిదాకా బాయిలరు కడగడానికి దాని బిరడాలు విప్పరాదు.

ఇంటికి పోయే ముందు డ్రైవరూ ఫైర్‌మనూ లోపాల పుస్తకం రాస్తారు. పోయినసారి పేజీలో ఉన్నవి ఇవి: ఎడమ ఇంజెక్టరు రెండుసార్లు వదిలేసింది, ఆవిరి కవాటం కూర్చోబెట్టాలి. కుడి గ్లాసు నెమ్మదిగా లేస్తోంది, కింది దారి పొడవాలి. నాలుగో పెట్టె హోసు వాషరు మార్చాం, స్పేర్లు ఆరే మిగిలాయి. ఆరో పెట్టె టాయిలెట్ తలుపు గడియ ఊడింది. గోనెపట్టా కాలిపోయింది, కొత్తది కావాలి.